యోగమూ, క్షేమమూ – మన లంక చెప్పే చరిత్ర



మన తరం వాళ్ళం వ్రాసిన ప్రతి ఉత్తరమూ ఇంచుమించు ఒక్క తీరుగానే మొదలయ్యేది. ఉభయకుశలోపరి అని ఒక ముక్క, ఇక్కడ అందరం క్షేమం అని ఒక ముక్క, మీ యోగక్షేమాలకు వెంటనే వ్రాయగలరు అని ఇంకో ముక్క. ఆ తరువాతే అసలు సంగతి. ఇన్‌లాండు లెటరులో చోటు చాలకపోయినా, పక్క మడతలో గీకవలసి వచ్చినా, ఈ మూడు ముక్కలూ మానేవాళ్ళం కాదు. ఇప్పుడు ఉత్తరాలు లేవు. సెల్‌ఫోనులో "ఎలా ఉన్నారు?" అంటే "బాగున్నాం" అనుకోవడంతో సరిపోతున్నది. మనిషి సుఖంగా ఉండడానికీ, సంఘం సుఖంగా ఉండడానికీ ఏమేమి కావాలి అనే పెద్ద ప్రశ్నకు సగం జవాబు ఆ పాత ఉత్తరాల మొదటి పంక్తిలోనే ఉందని నాకు తోస్తుంది.

యోగక్షేమం అనే జంట మాట భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో వస్తుంది. పెద్దలు దానిని విడదీసి అర్థం చెప్పారు. లేనిది సమకూరడం యోగం. సమకూరినదానిని కాపాడుకోవడం క్షేమం. రెండూ ఉంటేనే బ్రతుకు బాగున్నట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో అమలులోకి వచ్చిన తన నిబంధనావళిలో ఆరోగ్యాన్ని నిర్వచిస్తూ, రోగం లేకపోవడం మాత్రమే ఆరోగ్యం కాదనీ, శరీరం, మనస్సు, సంఘజీవనం మూడూ బాగుండాలనీ చెప్పింది. మనవాళ్ళు ఉత్తరంలో "ఉభయ" అని కలిపింది అందుకే. ఒక్కడి కుశలం కుశలం కాదు, ఇటు వాళ్ళూ అటు వాళ్ళూ కలిస్తేనే లెక్క.

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమన్నప్పుడు, ఈ విషయాన్ని వేదాంతంగా కాక మన మలికిపురం ఉన్న ఈ లంక చరిత్రగా చెబితే బాగుంటుందనిపించింది. యోగం ఎప్పుడు ఎలా పట్టిందో, క్షేమం ఎవరి చేతుల్లో నిలిచిందో, ఎక్కడ జారిపోతున్నదో ఈ నేలే చెబుతుంది.

నీరు వచ్చిన కథ

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. ఆ రెంటి నడుమ ఉన్నది కోనసీమ. గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయం విడిపోతుంది. వైనతేయానికీ వశిష్ఠకూ సముద్రానికీ మధ్య మిగిలిన ముక్కనే పాత రికార్డుల్లో నాగరం లంక అన్నారు. నేటి రాజోలు, మామిడికుదురు, మలికిపురం, సఖినేటిపల్లి మండలాలు అందులోనివే. రెండు వైపుల నది, మూడో వైపు సముద్రం. చుట్టూ నీరే కాని, పొలానికి పెట్టడానికి నమ్మకమైన నీరు లేదు. వర్షం పడితే పంట, లేకుంటే లేదు. వరద వస్తే ఉన్నదీ పోయేది.

ఇది ఒక్క మన లంక బాధే కాదు. 1832-33లో వచ్చిన నందన కరువును గోదావరి ప్రాంతం చాలా కాలం మరువలేదు. 1839లో కోరంగి మీదకు వచ్చిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్నది. కరువులు, తుపానులు, వలసలు కలిసి, 1821కీ 1841కీ మధ్య రాజమండ్రి జిల్లాలో జనాభా పెరగకపోగా తగ్గింది. అంత పెద్ద నది పక్కనే పారుతూ ఉండగా జనం తిండి లేక పోయారంటే, కళ్ళ ముందు ఉండడం వేరు, చేతికి అందడం వేరు అని అర్థమవుతుంది.

సర్ హెన్రీ మాంట్‌గోమరీ 1844లో జిల్లా దుస్థితి మీద నివేదిక ఇచ్చారు. ఆర్థర్ కాటన్ నదినీ నేలనూ పరిశీలించి, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కడితే తప్ప గతి లేదన్నారు. 1846లో మంజూరు వచ్చింది. 1847లో పని మొదలై 1852కు పూర్తయింది. దీనికి బదులుగా ఇప్పుడు మనం చూస్తున్న బ్యారేజీ 1970లో మొదలై 1982 నాటికి తయారైంది. దానికీ కాటన్ పేరే పెట్టారు.

ఆనకట్ట కట్టారు, బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువ తీశారు, లొల్ల దగ్గర లాకులు పెట్టి కాలువలను చీల్చారు. అయినా మన లంకకు నీరు రాలేదు. నడుమ వైనతేయం అడ్డం. కాలువ నీరు నదిని దాటాలి. అందుకని గన్నవరం దగ్గర నది మీద కాలువకే వంతెన కట్టారు. నలభై అడుగుల వెడల్పున్న కమానులు 49. 1850ల మొదట్లో, ఒక్క పని సీజనులో, వరదకు ముందుగా ఆ పని ముగించారని ఆనాటి ఇంజనీర్లు గర్వంగా వ్రాసుకున్నారు. కింద నది, పైన కాలువ. దానినే మనం అక్విడెక్టు అని పిలుచుకుంటున్నాం. ఆ రాతి కమానుల మీదుగా తీపి నీరు లంకలోకి దిగిన నాడు ఈ నేలకు యోగం పట్టింది. వరి నిలకడైంది, కొబ్బరితోటలు విస్తరించాయి. కాలువల వెంట పడవలు నడిచాయి. బియ్యం, కొబ్బరికాయ, పెళ్ళివారు, కచేరీ కాగితాలు – అన్నీ ఆ పడవల్లోనే.

వచ్చిన నీటిని నిలుపుకున్న కథ

ఇల్లలకగానే పండుగ కాదన్నారు. కాలువ తవ్విన మరుసటి ఏడాదే దానిలో పూడిక పడుతుంది. గట్టు తెగుతుంది. గుర్రపుడెక్క అల్లుకుంటుంది. కాలువను ఏటా వేసవిలో కట్టేసి, పూడిక తీసి, గట్లు బలపరచి, తలుపులకు నూనె పెట్టి, మళ్ళీ సార్వాకు వదలాలి. లాకుల దగ్గర రాత్రనక పగలనక కనిపెట్టుకుని ఉండే లస్కరు తన చేతి కర్రతో నీటి మట్టం చూసి, తూము తలుపు ఒక అడుగు ఎత్తాలో రెండు అడుగులు ఎత్తాలో నిర్ణయించేవాడు. కాటన్ దొరకు గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్నాయి. లస్కరుకు విగ్రహం లేదు. కాని నూట డెబ్భై ఏళ్ళుగా నీరు నిలిచిందంటే అది అటువంటి వాళ్ళ చలవే.

ప్రభుత్వ కచేరీలలో పనిచేసిన మనకు ఈ సంగతి కొత్తది కాదు. కొత్త పనికి శంకుస్థాపన ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం మీద పేర్లుంటాయి. మరామత్తు పనికి ఫలకం ఉండదు. మరామత్తు ఎస్టిమేటు ఏ టేబులు మీద ఎన్నాళ్ళు పడుకుంటుందో మనకంటె తెలిసినవాళ్ళు లేరు. ఒక సంఘం బాగుందా లేదా అని తెలుసుకోవాలంటే దాని శంకుస్థాపనలను కాక మరామత్తు రిజిస్టరును చూడాలని నా అభిప్రాయం.

పాత అక్విడెక్టు దాదాపు నూట యాభై ఏళ్ళు పనిచేసింది. 2000లో దాని పక్కనే కొత్తది కట్టి ప్రారంభించారు. తెచ్చిన నీటి విషయంలో క్షేమం ఆ విధంగా సాగింది.

పోవలసిన నీటి విషయంలో అంత శ్రద్ధ పెట్టలేదు. పంటకాలువ ఎంత అవసరమో మురుగుకాలువా అంతే. డెల్టాలో నీరు తేవడం సగం పని, వాడిన నీటిని, వాన నీటిని సముద్రంలోకి పంపడం మిగతా సగం. 1960లలో వరి చేలు వరుసగా ముంపు పాలైనప్పుడు మిత్రా కమిటీ వేశారు, డ్రెయిన్లను వెడల్పు చేయాలని ఆ కమిటీ చెప్పింది. తరువాత కొంత జరిగింది, కొంత జరగలేదు. దాని ఫలితం మన మండలంలోనే కళ్ళారా చూస్తున్నాం. శంకరగుప్తం డ్రెయిను వెంట ఆటుపోట్లకు సముద్రపు నీరు ఎగదన్ని, కేశనపల్లి తదితర గ్రామాలలో కొబ్బరిచెట్లు తలలు వాలి మోడులయ్యాయి. 2025 నవంబరులో రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి స్వయంగా కేశనపల్లి వచ్చి ఆ తోటలు చూశారు. కొబ్బరిచెట్టు నాటితే కాపుకు ఆరేడేళ్ళు పడుతుంది. ఇంటి పెద్దకొడుకుతో సమానమని దానిని పెంచుకున్నవాళ్ళు మొండి మానులను చూస్తూ కూర్చున్నారు. తీపి నీరు తెచ్చినవాడిని దండవేసి తలుచుకున్న నేలలోనే ఉప్పు నీరు రాకుండా చూడవలసిన పని వెనకబడింది. యోగం ఉండి క్షేమం లేకపోతే జరిగేది ఇదే.

అన్నం

కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఇంతకంటె తగిన పేరు లేదు. ఆమె 1841లో మండపేటలో పుట్టారు. లంకల గన్నవరం వాస్తవ్యులు డొక్కా జోగన్న గారి ఇల్లాలై వచ్చారు. నది దాటి లంకలోకి వచ్చే పోయే బాటసారులకు గన్నవరం మజిలీ. వంతెన లేని రోజులలో పడవ దొరికేదాకా రేవులో పడిగాపులు కాయవలసిందే. అటువంటి చోట ఆమె పొయ్యి ఆరకుండా వండి పెట్టారు. కులమూ వేళా చూడకుండా పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరి, దారిలో ఎవరో ఆకలితో తన ఇంటికే వస్తున్నారని విని, స్వామి దర్శనం మానుకుని వెనక్కు తిరిగారని మరొక కథ. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి ఆహ్వానం వస్తే వెళ్ళలేదనీ, ఆమె ఫొటో మాత్రం తీయించి పంపారనీ అంటారు. 1909లో ఆమె కాలం చేశారు.

ఒక్కరోజు వెయ్యిమందికి సంతర్పణ చేయడం డబ్బున్న ఎవరికైనా సాధ్యమే. దశాబ్దాల తరబడి ప్రతిరోజూ, అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి వండడం వేరు. అది క్షేమం పని, లస్కరు పని వంటిది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఆ పేరుకు తగిన గౌరవం ఏ రోజుకారోజు పిల్లవాడి పళ్ళెంలో కనబడాలి. మన సభ్యులలో మాజీ ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. వారానికి ఒకరోజు బడికి వెళ్ళి పిల్లల పంక్తిలో కూర్చుని తిని వస్తే, అంతకు మించిన తనిఖీ లేదు.

ఇంకో సంగతి గమనించాలి. ఆమె అన్నంతో పాటు పలకరింపు కూడా పెట్టారు. ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడికి వెళ్తున్నారు, ఒంట్లో ఎలా ఉంది అని అడిగే మనిషి ఉండడం బాటసారికి సగం బలం. ఈ మాట మళ్ళీ చివరలో వస్తుంది.

చదువు, నలుగురి మాట

కడుపు నిండాక మనసుకూ ఒక మేత కావాలి. మన తూర్పుగోదావరి జిల్లా కొంకుదురులో 1890లో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికి ప్రాణం పోశారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెం సేవాశ్రమం వారు, పాతూరి నాగభూషణం గారి పూనికతో, కృష్ణా కాలువలలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. మన కాలువల్లాటి కాలువలే. పొలానికి నీరు తెచ్చిన కాలువ ఇంటికి పుస్తకం కూడా తెచ్చిందన్నమాట.

గ్రంథాలయం అంటే పుస్తకాల బీరువా మాత్రమే కాదు. సాయంత్రం నాలుగింటికి పేపరు కోసం చేరిన నలుగురు, పేపరు చదవడం అయ్యాక చేసే వాదన, ఆ వాదనలో అలిగినవాడు మరునాడు మళ్ళీ రావడం – ఇదంతా గ్రంథాలయమే. ఇప్పటికీ మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉన్నది. అది మనం ఇచ్చే సొమ్మే. ఆ సొమ్ము గ్రంథాలయానికి చేరుతున్నదా, పేపర్లు వస్తున్నాయా, తలుపు వేళకు తెరుస్తున్నారా అని అడిగేవాళ్ళు ఉండాలి. పద్దు అడగడం మనకు చేతనైన విద్యే గదా.

గాలి, నిప్పు

మన లంకకు రెండు భయాలు ఎప్పుడూ ఉన్నాయి. ఒకటి పైనుంచి వచ్చే గాలి, రెండోది భూమిలో ఉన్న గ్యాసు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుపానును మన సభ్యులలో మరిచినవారుండరు. వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. అంతకు ముందు 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేల ప్రాణాలు పోయాయి. ఆ తరువాత తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికల పద్ధతి మారింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మన తీరానికి సమీపంలోనే దాటింది. పంట పోయింది, చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది. కాని ముందుగానే జనాన్ని తరలించినందువల్ల ప్రాణనష్టం బహు స్వల్పం. సముద్రమూ అదే, గాలీ అదే, మారింది మన జాగ్రత్త. ముప్ఫై ఏళ్ళలో సంఘ క్షేమం పెరిగిన చోటు ఒకటి చూపించమంటే నేను దీనినే చూపిస్తాను.

గ్యాసు విషయంలో అంత ధైర్యంగా చెప్పలేను. 1995 జనవరిలో పాసర్లపూడి దగ్గర బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2026 జనవరి 5న మన మండలంలోని ఇరుసుమండలో బావి నుంచి గ్యాసు ఎగజిమ్మి మంటలు లేచాయి. చుట్టుపక్కల వాళ్ళు ఇళ్ళకు తాళాలు వేసుకుని, గొడ్లను విప్పి, చేతికందినది పట్టుకుని వెళ్ళారు. కొద్ది రోజులకు మంట ఆరింది. తుపానుకు ఎక్కడికి పోవాలో మన పిల్లలకు తెలుసు. గ్యాసు వాసన వస్తే ఏ దిక్కుకు పోవాలో, ఎవరికి ఫోను చేయాలో ఎంత మందికి తెలుసు? నేల కింద ఉన్నది దేశానికి యోగం. నేల మీద ఉన్నవాళ్ళ క్షేమం చూడకపోతే ఆ యోగం మనది కాదు.

ఊరి శాంతి

సంఘ సుఖం అంటే నీరు, తిండి, రోడ్డు, కరెంటు మాత్రమేనా? 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. జిల్లా కేంద్రం దగ్గరకు వచ్చిందని అందరం సంతోషించాం. రెండు నెలలు తిరగకుండానే, మే 24న, జిల్లాకు డాక్టర్ అంబేద్కర్ గారి పేరు చేర్చే విషయం మీద అమలాపురం మంటల్లో పడింది. మంత్రి ఇల్లు, శాసనసభ్యుని ఇల్లు కాల్చారు. ఇంటర్నెట్టు రోజుల తరబడి ఆపేశారు. విదేశంలో ఉన్న కొడుకు ముఖం ఫోనులో చూసుకుందామంటే వీలులేక తల్లులు కూర్చున్నారు. అదే సంవత్సరం జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు ఖరారైంది.

ఈ సంచిక రాజకీయం మాట్లాడే చోటు కాదు. చరిత్రగా మాత్రం ఒక మాట చెప్పాలి. ఒకే కాలువ నీరు తాగిన ఊళ్ళు మనవి. కాని ఆ కాలువ గట్టున అందరూ ఒకే రేవులో నీళ్ళు ముంచుకోగలిగిన కాలం వేరు, అంతకు ముందు కాలం వేరు. ఎవరిని ఎంత దూరంలో నిలబెట్టారో మన తరం వాళ్ళం కళ్ళతో చూశాం. రాజ్యాంగం అమలులోకి వచ్చింది 1950లో. చట్టం యోగం ఇస్తుంది. ఇరుగుపొరుగుల గౌరవం మాత్రం రోజూ కాపాడుకోవలసినది. నీటికి గట్టు ఉన్నట్లే ఊరికి మర్యాద ఒక గట్టు. తెగితే సాయంత్రంలో తెగుతుంది, కట్టడానికి ఏళ్ళు పడుతుంది. అన్ని కులాల వాళ్ళం, అన్ని మతాల వాళ్ళం ఒకే రిజిస్టరులో సంతకాలు చేసి పనిచేసినవాళ్ళం మనం. ఆ అలవాటును ఊళ్ళోకి తేవడం మన వల్ల అయ్యే పనే.

పెన్షను

ఇక మన సంగతి. పెన్షను ఏదో దయతో పడేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు సంపాదించుకున్న హక్కనీ సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో తీర్పు ఇచ్చింది. 1979 మార్చి 31 తరువాత రిటైరైనవారికే మెరుగైన పెన్షను, అంతకు ముందు రిటైరైనవారికి లేదు అన్న గీతను ఆ తీర్పు చెరిపేసింది. డిసెంబరు 17ను మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నది అందుకే. ఆ కేసు వేసిన నకారా గారు కూడా ఒక రిటైరైన ఉద్యోగే.

రాష్ట్రంలో రిటైర్మెంటు వయసును 1983లో 58 నుంచి 55కు తగ్గించినప్పుడు ఎన్ని కుటుంబాలు ఉన్నపళంగా ఇబ్బంది పడ్డాయో పాతవారికి గుర్తే. తరువాత మళ్ళీ 58 చేశారు. 2014లో 60, 2022లో 62 అయింది. ఇవన్నీ ఒక సంతకంతో వచ్చినవే, ఒక సంతకంతో పోగలిగినవే. 2004 సెప్టెంబరు 1 తరువాత రాష్ట్ర ఉద్యోగంలో చేరినవారికి మన పెన్షను లేదు. కాంట్రిబ్యూటరీ పద్ధతి పెట్టారు. 2023లో గ్యారంటీ పెన్షను అని ఒక చట్టం తెచ్చారు. పాత పెన్షను కోసం వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. మన కంటె ముందు తరం పోరాడి తెచ్చుకున్నది మనం అనుభవిస్తున్నాం. మన తరువాతివారి సభలకు మనం వెళ్ళి వెనక వరుసలోనైనా కూర్చోవాలి. కాలువ పై భాగంలో ఉన్నవాడికి నీరు అందిందని, శివారు పొలం సంగతి మరిచిపోవడం డెల్టా రైతు మర్యాద కాదు.

మనిషికి మనిషి

పెన్షను వస్తుంది, మందులు వస్తాయి, ఇల్లుంది. ఇవన్నీ ఉండి కూడా దిగాలుగా ఉన్నవాళ్ళు మన సభ్యులలో ఉన్నారు. మన ప్రాంతం నుంచి గల్ఫు దేశాలకు వెళ్ళినవాళ్ళు ఎక్కువ. చదువుకున్న పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా వెళ్ళారు. ఇది తప్పు కాదు. వెళ్ళమని ఫీజులు కట్టి పంపింది మనమే. నాలుగు గదుల డాబాలో ఇద్దరు, ఆ ఇద్దరిలో ఒకరు పోతే ఒక్కరు.

అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం వారు 1938లో కొందరు యువకులను ఎంచుకుని, వారి జీవితాలను ముసలితనం దాకా, ఆ తరువాత వారి పిల్లల తరం దాకా కనిపెట్టి చూస్తూ వచ్చారు. మనిషి ఆరోగ్యంగా, సంతోషంగా ఉండడానికి డబ్బు, పేరు కంటె దగ్గరి మనుషులతో మంచి సంబంధం ముఖ్యమని వారికి తేలింది. అరుగు మీద కూర్చునే అలవాటు ఉన్న మనకు ఇది తెలిసిన విషయమే. అరుగులు పోయి కాంపౌండు గోడలు వచ్చాక కొత్తగా తెలుసుకోవలసి వస్తున్నది.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్.డి.ఓ. దగ్గరి ట్రిబ్యునల్లో అర్జీ పెట్టుకోవచ్చు. ఆస్తి వ్రాసిచ్చి మోసపోయిన వాళ్ళకు కూడా అందులో మార్గం ఉంది. ఈ చట్టం మన సభ్యులందరికీ తెలిసి ఉండాలి. అయితే ట్రిబ్యునల్ భరణం ఇప్పించగలదు, సాయంత్రం వచ్చి కూర్చోమని ఎవరినీ ఆదేశించలేదు.

ఏటా మనం బ్రతికి ఉన్నామని సర్టిఫికెట్టు ఇస్తున్నాం. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ అని వేలిముద్రతో ఇచ్చే వీలు వచ్చింది. సర్కారు వారు అడిగేది "బ్రతికి ఉన్నారా?" అని. వారికి అంతవరకే అవసరం. "బాగున్నారా?" అని అడగవలసినవాళ్ళం మనం.

అందుచేత సంఘానికి ఒక సూచన మనవి చేస్తున్నాను. ఖర్చు లేనిది. డెబ్భై ఏళ్ళు దాటి ఒంటరిగాగాని, దంపతులిద్దరే గాని ఉంటున్న సభ్యుల పేర్లతో ఒక రిజిస్టరు తెరవాలి. ఫ్యామిలీ పెన్షను తీసుకుంటున్న ఆడవారి పేర్లు అందులో ముందు వ్రాయాలి. వారే ఎక్కువ ఒంటరిగా ఉంటున్నారు, మీటింగులకు వారే తక్కువ వస్తున్నారు. దగ్గరలో ఉన్న, నడవగలిగిన ఒక్కో సభ్యునికి రెండేసి ఇళ్ళు అప్పగించాలి. వారానికి ఒకసారి వెళ్ళి గుమ్మంలో కూర్చుని పది నిముషాలు మాట్లాడి, మందులు ఉన్నాయా, గ్యాసు బండ ఉందా, బ్యాంకు పని ఏమైనా ఉందా అని అడిగి, రిజిస్టరులో తేదీ వేసి పొట్టి సంతకం చేయాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున ఆ రిజిస్టరు తీసుకుని ముందు ఆ ఇళ్ళకు వెళ్ళాలి. నెలాఖరు మీటింగులో జమాఖర్చులతో పాటు దానినీ చదవాలి. రిజిస్టరు తెరవడం మొదటి నెలలో ఉత్సాహంగానే ఉంటుంది. పన్నెండో నెలలో కూడా తేదీలు పడుతున్నాయా అన్నదే పరీక్ష.

నూట డెబ్భై ఏళ్ళ క్రితం ఈ లంకకు నీరు నది దాటి వచ్చింది. దానిని కాపాడినవాళ్ళ పేర్లు మనకు తెలియవు. పేర్లు తెలియకపోయినా వాళ్ళు చేసిన పని మన చేలల్లో, మన కంచాల్లో ఉంది. మన వయసులో కొత్తగా ఆనకట్టలు కట్టలేము. గట్టు కాయడం మాత్రం మన వల్ల అవుతుంది.

సభ్యులందరికీ, వారి ఇంటిల్లిపాదికీ ఆయురారోగ్యములు కలగాలని కోరుకుంటూ, మీ మీ యోగక్షేమములు వ్రాయక పోయినా సరే, వచ్చి చెప్పగలరని ఆశిస్తూ సెలవు.